బాయి బయట మూడు జతల చెప్పులు

నా చేతిరాత నన్ను వెతుక్కుంటూ ఒక మధ్యాహ్నం జనగామలోని మా ఇంటికి వచ్చింది. తోడుగా ఒక ఇంజనీరమ్మాయిని తెచ్చుకుంది. అమ్మాయి పేరు లావణ్య. పుట్టింది భూపాలపల్లి దగ్గర చెల్పూరులో, ఉద్యోగం మహబూబాబాద్‌లో. డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన ఆడమనిషి ఇంటికి ఎవరైనా వస్తే రెండే కారణాలుంటాయి. బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో అడగడానికి, లేదా వేసిన బోరులో ఎందుకు పడలేదో అడగడానికి. రెండింటికీ పనికొచ్చే ఒకే మొహం పెట్టుకుని నేను తలుపు తీస్తాను. ఈ పిల్ల మాత్రం సంచిలోంచి చుట్టిన కాగితం తీసి మా భోజనాల బల్ల మీద పరిచింది. అది మళ్ళీ చుట్టుకోకుండా ఒక మూల ఉప్పుడబ్బా, ఒక మూల పచ్చడి సీసా, మిగతా రెండు మూలలా నా కళ్ళజోడు పెట్టె, తన ఫోను పెట్టింది.

"నల్లగుట్ట మాంగనీసు గని ప్లాను మేడం. బందయి చానా ఏండ్లయింది. గుట్ట కింద తండాల నీళ్ళ ట్యాంకు కడ్తున్నం. ఎల్లుండి జేసీబీ వస్తది, పునాది తియ్యనీకి. కింద గట్టి నేలనేనా, జర చూసి చెప్తరా?"

చూశాను. గుట్ట ఉంది. గుట్టను కొరికి తీసిన గుంత ఉంది. గుంతలోంచి గుట్ట కడుపులోకి పోయే సొరంగం ఒకటి ఉంది. గని హద్దురాళ్ళు, వాటికి అవతల తండా ఇళ్ళు, వాటి మధ్య ఒక ఖాళీ జాగా ఉన్నాయి. పైన కుడివైపు ఉత్తర దిక్కు చూపించే బాణం, బాణం మొనకు ఏ అవసరమూ లేని ఐదు రేకుల పువ్వు. ఉత్తర దిక్కుకు పువ్వు పెట్టే అలవాటు నాకు తెలిసి ప్రపంచంలో ఒక్కరికే ఉండేది. ఆ ఒక్కరు ఇప్పుడు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు.

"ఇక్కడేందో గీకినట్టున్నది మేడం," అంటూ లావణ్య గుంతకూ ఖాళీ జాగాకూ మధ్య వేలు పెట్టింది. చిటికెనవేలంత బూడిదరంగు గీర. "జిరాక్సు మరకనా?"

"మరకే," అన్నాను. నలభై ఏళ్ళు ఆలోచించుకోవడానికి సమయం దొరికినా నా నోట వచ్చిన మొదటి మాట అదే. "కూసో, చాయ్ పెడత," అని వంటింట్లోకి పోయి, పొయ్యి మీద గిన్నె పెట్టి, పాలు పొంగేదాకా కదలకుండా చూస్తూ నిలబడ్డాను. ఒక కప్పు చాయ్ అయ్యేలోపు ఎంత జరగొచ్చో నాకు తెలిసినంతగా ఈ జిల్లాల్లో ఎవరికీ తెలియదనుకుంటాను.

మా నాయిన ఆ గనిలో మేట్. అంటే పనివాళ్ళకు పైవాడు, సేటుకు కిందివాడు. పైనుంచి వచ్చే తిట్లు కిందికి, కిందినుంచి వచ్చే కష్టాలు పైకి చేరవెయ్యడం ఆ ఉద్యోగం. రెండో పని పెద్దగా ఉండేది కాదు, పైన వినే అలవాటున్నవాళ్ళు లేరు. ఆయన చేతిలో ఎప్పుడూ ఇనుప పొన్ను వేసిన కర్ర ఒకటి ఉండేది. గనిని మా దగ్గర బాయి అంటారు. బాయిలోకి దిగగానే ఆ కర్రతో తల మీది కప్పును కొట్టి, చెవి పెట్టి వినేవాడు. ఖంగుమంటే రాయి గట్టిగా అతుక్కుని ఉన్నట్టు. డొబ్బుమంటే లోపల పొర విడిచిందని, కింద నిలబడొద్దని. ఈ పరీక్షను ఆయన బాయికే పరిమితం చెయ్యలేదు. సంతలో కుండలు కొట్టి చూసేవాడు, పుచ్చకాయలు కొట్టి చూసేవాడు, మా మేనమామ కొత్తగా కట్టిన ఇంటి గోడలు గృహప్రవేశం రోజునే కొట్టి చూసి, ఆ ఇంటికి మళ్ళీ పిలుపు లేకుండా చేసుకున్నాడు. నా పరీక్షల ఫలితాలు వచ్చినప్పుడు కర్ర పక్కన పెట్టి, వేలి కణుపుతో నా నెత్తి మీద కొట్టి, అవ్వ వైపు, అంటే మా అమ్మ వైపు చూసి, "డొల్ల లేదులేవే," అన్నాడు. ఆయన మెచ్చుకోలు అంతకుమించి సాగిన సందర్భం నాకు గుర్తులేదు.

మా ఇల్లు గని పక్కనే, రెండు పెంకుటి గదులు. ఆ ఇంట్లో తెల్లనిది ఏదీ తెల్లగా మిగల్లేదు. మాంగనీసు రాయిలో రెండు రకాలు. ఒకటి గట్టిది, పైన బొడిపెలు బొడిపెలుగా ఉంటుంది కాబట్టి రాళ్ళేరే ఆడవాళ్ళు దాన్ని సీతాఫలం రాయి అనేవారు. రెండోది మెత్తది, ముట్టుకుంటే చాలు వేళ్ళకు అంటుతుంది, దాని పేరు మసిరాయి. మా తలుపు చెక్కకు నాయిన భుజమెత్తున నల్లటి అరచెయ్యి అచ్చు ఉండేది. అవ్వ ఎన్నిసార్లు తుడిచినా సాయంత్రానికి మళ్ళీ అక్కడే పడేది. నాయిన వచ్చేసరికి అవ్వ ఇంటి వెనక నీళ్ళబాయి గట్టు మీద ఒక నిమ్మచెక్క, ఇంత కుంకుడు పిప్పి పెట్టి ఉంచేది. నిమ్మరసానికి ఆ నలుపు ఎందుకు వదులుతుందో నాకు కాలేజీలో నల్లబల్ల మీద సమీకరణం వేసి చెప్పారు. అవ్వకు సమీకరణం తెలియదు, నిమ్మకాయ తెలుసు. నాయిన ఒంటి మీద కార్బైడు దీపం వాసన కూడా వచ్చేది, అచ్చం ఎల్లిపాయ వాసనలా. ఇప్పటికీ ఎవరింట్లోనైనా పప్పుకు ఎల్లిపాయ పోపు పెడితే నేను గుమ్మం వైపు చూస్తాను.

ఆ నల్లరాయి అక్కడికి ఎట్లా వచ్చిందో తరువాత ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. ఎప్పుడో అక్కడ సముద్రం ఉండేది. అడుగున పేరుకున్న బురద పలకరాయిగా మారింది, ఇసుక గట్టి తెల్లరాయిగా మారింది, రెండింటి మధ్య పలుచటి పొరలో మాంగనీసు చిక్కుకుంది. సముద్రం పోయాక వానలు పని అందుకున్నాయి. ఇంకుతున్న నీళ్ళు పైపొరల్లోని మాంగనీసును కరిగించుకుని కిందికి మోసుకుపోయి, ఎక్కడ సందు దొరికితే అక్కడ దించాయి. అందుకే నల్లగుట్టలో ఆ రాయి చక్కటి పలకలా ఉండదు. ఒకచోట దారమంత సన్నగా పోతుంది, నాలుగడుగులు పోయాక కుందేలును మింగిన కొండచిలువలా ఉబ్బుతుంది, మళ్ళీ సన్నబడుతుంది. చుట్టూ ఉండేది జారుడు మట్టి, దాన్ని నమ్మడానికి లేదు. మాంగనీసు మాత్రం ఏ హద్దురాయినీ చూసుకోదు. గుంతలో రాయి అయిపోయిన ఏడాది ఆ నల్లగీత హద్దు దాటి, నేరుగా తండా వైపు పోతున్నట్టు నాయిన కనిపెట్టాడు. కనిపెట్టకుండా ఉంటే బాగుండేదని తరువాత ఆయనే అన్నాడు. సేటు వరంగల్‌లో ఉండేవాడు, హద్దులు ఆయనకు అంత దూరం కనపడేవి కావు. తవ్వకపోతే బాయి బంద్, తండాలో సగం ఇళ్ళలో పొయ్యి బంద్. గుంత వెనకవైపు నుంచి ఎవరికీ కనపడకుండా రెండో సొరంగం మొదలైంది.

నేనప్పుడు డిగ్రీ మొదటి ఏడాది, ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చాను. గని పాత ప్లానును ఎలుకలు తూర్పువైపు నుంచి తినేశాయి. తనిఖీకి ఆఫీసరు వస్తాడని, కొత్తది గియ్యమని నాయిన నన్ను అడిగాడు. ఆయన నన్నేదైనా అడగడం అదే మొదలు. ముడులు వేసిన తాడుతో కొలిచి, ట్రేసింగు కాగితం మీద నల్లసిరాతో వారం రోజులు గీశాను. పువ్వు పెట్టాను. రెండో సొరంగాన్ని కూడా ఎంతో ముద్దుగా, వంకలతో సహా వేశాను. నాయిన కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగున్నది బిడ్డా. గిది తీసెయ్యి."

"ఉన్నది గద నాయినా!"

"ఉన్నది. అందుకే తీసెయ్యమంటున్న."

సిరా గీతను చెరపాలంటే బ్లేడుతో గీకాలి. గీకాను. కాగితం చిరగకుండా గీకానని ఆ రోజు కొంచెం గర్వపడ్డాను కూడా.

బాయిలోకి చెప్పులతో ఎవరూ పోరు. అమ్మవారి జాగా అని కొందరు అనేవారు, జారుడు మట్టిలో వట్టికాలే నిలుస్తుందని నాయిన అనేవాడు. కారణం ఏదైనా, పోయేవాళ్ళు చెప్పులు సొరంగం నోటి దగ్గర వరసగా విడిచి పోవాల్సిందే. అక్కడ హాజరు పుస్తకం లేదు, చెప్పులే పుస్తకం. నాయిన పొద్దున, మధ్యాహ్నం, పని దిగేటప్పుడు నోటి దగ్గరికి పోయి చెప్పులు చూసేవాడు. ఎన్ని జతలుంటే అంతమంది లోపల. జత లేకపోతే మనిషి లేడు. ఆ లెక్క ఆయన చేతిలో ఎన్నడూ తప్పలేదు. రెండో సొరంగానికి ఇంకో నియమం అదనం. ఆఫీసరు జీపు మట్టి రోడ్డెక్కగానే, వేలాడదీసిన రైలుపట్టా ముక్కను మూడుసార్లు కొడతారు. లోపలివాళ్ళు బయటికి వచ్చేస్తారు, నోటికి తుమ్మకంప అడ్డం పెట్టి మేకలదొడ్డిలా చేస్తారు. అది వినకముందే కంప అడ్డం పడితే మాత్రం లోపలివాళ్ళు దీపాలు ఆర్పేసి, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి.

ఆఫీసరు వచ్చిన రోజు జీపు వాగు ఇసుకలో దిగబడింది. ఆయన దిగి, తలకు రుమాలు కట్టుకుని, అడ్డదారిన తండాలోంచి నడిచి వచ్చాడు. ఆయనను మొదట చూసింది సోమ్లి. తండా మనిషి, నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. సొరంగం నోటి దగ్గర కుప్ప మీద కూర్చుని సుత్తెతో రాయి పగలగొట్టి, చేతి బరువుతోనే మంచిది, చెడ్డది వేరుచేసేది. మంచిది బరువుగా ఉంటుంది. మోచేతులదాకా ఉన్న తెల్లగాజులు సుత్తె దెబ్బదెబ్బకూ గలగలమనేవి. ఆమె మొగుడు బీక్యా, ఇంకో ఇద్దరు ఆ సమయానికి లోపల ఉన్నారు. పట్టా కొట్టే వ్యవధి లేదు. సోమ్లి లేచి కంపను నోటికి అడ్డం లాగింది. కంప ముందు మూడు జతల టైరు చెప్పులు కనపడుతున్నాయి. ఆఫీసరు చూస్తే మేకలు చెప్పులేసుకుంటాయా అని అడుగుతాడని భయపడి, వాటిని తట్టలో వేసి పైన రాళ్ళు కప్పింది. ఆమె చేసినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇప్పటిదాకా వెతికాను.

నాయిన పరుగున వచ్చాడు. ఆయన చూపు మొదట కంప మీదికి, తరువాత కంప ముందు నేల మీదికి పోయింది. చెప్పులు లేవు. ఆయన భుజాలు దిగడం నేను గుంత అవతలి గట్టు నుంచి చూశాను. అందరూ బయటికి వచ్చేశారని ఆయన లెక్క. ఇక ధైర్యంగా ఆఫీసరును గుంత అంతా తిప్పాడు. ఆఫీసరు కోస్తా నుంచి వచ్చిన మంచి మనిషి. ప్లాను చూసి, "పువ్వు ఎవరమ్మా పెట్టింది?" అని అడిగి, బాగుందన్నాడు. ఎండకు తట్టుకోలేక నీడ అడిగితే నాయిన ఆయనను కంపకు దూరంగా, తండా దగ్గరి వేపచెట్టు కిందికి తీసుకుపోయి నులకమంచం వేయించాడు. దూరమని నాయిన అనుకున్నది నేల మీది దూరం. నేల కింద ఆ మంచం సరిగ్గా రెండో సొరంగం చివరన, కొండచిలువ పొట్ట ఉబ్బిన చోటికి పైన పడింది. అక్కడ కప్పును మోసే గుంజలు రెండు రోజుల కిందటే నిలబెట్టారు, ఇంకా చీలలు బిగించలేదు. ఆ సంగతి నాయినకు తెలుసు. కింద ఎవరూ లేరన్న సంగతి కూడా తెలుసు.

అవ్వ చాయ్ పోసి ఇచ్చింది. కప్పు తీసుకుని వస్తూ సోమ్లి పక్కనుంచి పోతే, సుత్తె సప్పుడు లేదు. తట్టలో రాళ్ళ మధ్య నుంచి టైరు ముక్క ఒకటి తొంగిచూస్తోంది.

"అక్కా, గవి ఎవలియి?"

"మా ఆయినయి. ఇంకిద్దరియి," అంది సోమ్లి పెదవులు కదపకుండా.

"లోపల్నే ఉన్నరా?"

"లోపల్నే. మీ నాయినకు ఎర్కనే గద!"

"నాయిన చెప్పులు చూస్తడక్కా! చెప్పులు లెవ్వు గద!"

సోమ్లి నన్ను చూసింది, తట్టను చూసింది. ఆమె చేతిలోంచి సుత్తె జారి కాలి పక్కన పడింది. "పో," అంది. "పోయి చెప్పు. ఉర్కకు, సారు చూస్తడు."

వంద అడుగులు నడిచాను. నిండు కప్పుతో, తొణకకుండా, పెళ్ళిచూపుల్లో కూడా అంత నెమ్మదిగా నడవలేదు. ఆఫీసరు నాయినకు కోనసీమ కొబ్బరి గురించి చెప్తున్నాడు. కప్పు అందించి, నాయిన కళ్ళలోకి చూద్దామని వంగాను. అప్పుడు మంచం కింద, నేల లోపల, దుప్పటి కప్పి ఎండుకట్టె విరిచినట్టు ఒక సప్పుడైంది.

"ఏమిటా శబ్దం?" అన్నాడు ఆఫీసరు.

అది ఏమిటో అక్కడ ఇద్దరికే తెలుసు. గుంజ విరుగుతోందని నాయినకు తెలుసు, కానీ ఆయన దృష్టిలో కింద మనుషులు లేరు కనుక ఆయన మొహం చెదరలేదు. మనుషులున్నారని తెలిసింది నాకొక్కదానికి. నోరు తెరిస్తే నాయిన జైలుకు, బాయి బందుకు. తెరవకపోతే? ఆ లెక్క నేను పూర్తి చెయ్యలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"మా నాయిన సార్. నా మార్కులు యాదికొస్తే గట్లనే పండ్లు కొరుకుతడు."

ఆఫీసరు నవ్వాడు. ఎంత నవ్వాడంటే చాయ్ సగం ప్యాంటు మీద ఒలికింది. నాయిన కూడా నవ్వాడు. "ఇంకో కప్పు తీసుకురా తల్లీ, ఇది ప్యాంటు తాగేసింది," అన్నాడు ఆఫీసరు. సరేనన్నాను. నేను ఏదో గెలిచానని ఒక్క క్షణం అనుకున్నాను కూడా.

రెండో కప్పుకు ఇంటిదాకా పోయి, అవ్వ పాలు కాచేదాకా నిలబడి, వచ్చాను. వచ్చేటప్పుడు సోమ్లి తట్టలోంచి మూడు జతలూ తీసి నా ఎడమచేతి వేళ్ళకు తగిలించింది. ఒక చేతిలో చాయ్, ఒక చేతిలో చెప్పులు. వాటిని తీసుకుపోయి నాయిన ముందు నేల మీద, బాయి నోటి దగ్గర పెట్టే తీరున, వరసగా పెట్టాను.

"ఎవరివమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"తెగినయి సార్. కుట్టియ్యాలె."

నాయిన చెప్పులను చూశాడు. ఒకటి, రెండు, మూడు అని ఆయన పెదవులు కదిలాయి. మనిషి మొహంలోంచి రక్తం దిగిపోవడం అనే మాట చాలా చోట్ల చదివాను. చూసింది మాత్రం ఆ ఒక్కసారే. ఆయన లేచేలోపే కింద రెండో సప్పుడైంది. ఈసారి కట్టె కాదు. బస్తాలో రాళ్ళు గుమ్మరించినట్టు. వంద అడుగుల అవతల తుమ్మకంప సందుల్లోంచి సన్నటి ఎర్రదుమ్ము లేచింది. ఆఫీసరు దానికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు.

"పక్క క్వారీల పేలుస్తున్నరు సార్," అన్నాడు నాయిన. "జీపు దగ్గరికి ఎడ్లను పంపుత. మా బిడ్డ మిమ్ముల తోలుకపోతది."

కప్పు సగం తాగిన మనిషిని తీసుకుని వాగుదాకా నడిచాను. ఆయన వెనక్కి తిరగకూడదు, అదొక్కటే నా పని. నాకు తెలిసిన జోకులన్నీ చెప్పాను. కాలేజీ హాస్టలు పప్పు గురించి, మా ప్రిన్సిపాలు గొడుగు గురించి, లేని మేనత్తల గురించి. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. వెనక పార సప్పుడు మొదలైనప్పుడు గొంతు పెంచాను. "నువ్వు సినిమాల్లోకి పోవాలమ్మా, మీ యాసకు జనం పడిపడి నవ్వుతారు," అన్నాడాయన, మనసారా. నవ్వాను.

జీపు పొగ కనపడకుండా పోయాక పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఇద్దరు బయట కూర్చుని ఉన్నారు, మట్టిబొమ్మల్లా. బీక్యాను అప్పుడే లాగుతున్నారు. ఎడమకాలి మీద గుంజ, గుంజ మీద రాయి. మొదటి సప్పుడుకే బయటికి ఉరుకుదామనుకున్నామని, కానీ పైన నవ్వులు వినపడ్డాయని, సారు ఇంకా అక్కడే ఉన్నాడని ఆగామని ఆ ఇద్దరిలో ఒకరు చెప్పారు. ఎవరినీ తప్పుపట్టి చెప్పలేదు, జరిగింది చెప్పారు. మొదటి సప్పుడు హెచ్చరిక, రెండోది పతనం. రెండింటి మధ్య ముగ్గురు మనుషులు తీరిగ్గా నడిచి వచ్చేంత సమయం ఉంది. ఆ సమయంలో నా జోకు ఉంది.

కాలు దక్కింది, మడమ దక్కలేదు. దవాఖానలో తాటిచెట్టు మీంచి పడ్డాడని రాయించారు. బీక్యా ఇంటిపేరులో ఏడు తరాలు వెనక్కి పోయినా తాటిచెట్టెక్కినవాడు దొరకడు. ఎవరూ అడగలేదు. నాయిన రెండో సొరంగాన్ని తన చేతులతో రాళ్ళు పేర్చి మూసేశాడు. వానలకు గుంత నిండింది, సేటు ఇంకో గుట్ట చూసుకున్నాడు, మేము జనగామ వచ్చేశాం. నాయిన కర్ర ఆ ఇంట్లోనే వదిలేశాడు. ఆ తరువాత ఆయన దేన్నీ కొట్టి చూడలేదు. పుచ్చకాయలు కూడా నమ్మకం మీదే కొన్నాడు.

చాయ్ పొంగింది. తెచ్చి లావణ్యకు ఇచ్చి, "చూడకుండ చెప్పలేను, రేపు నేనొస్త," అన్నాను. మర్నాడు పొద్దున స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా రైల్లో మహబూబాబాద్ చేరి, అక్కణ్ణుంచి లావణ్య బండిలో పోయాం. దారిలో ఆ పిల్ల వాళ్ళ బాపు గురించి చెప్పింది. బొగ్గుబాయిలో పనిచేశాడట. ఇప్పటికీ ఇంట్లో పడుకునే ముందు గోడలు కొట్టి చూస్తాడట. "పిచ్చి అలవాటు మేడం," అని నవ్వింది.

గుంత ఇప్పుడు చెరువు. నీళ్ళు ముదురాకుపచ్చ, గట్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. తండాలో పెంకుటిళ్ళు పోయి డాబాలు వచ్చాయి, ఇళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉన్నాయి. మధ్యలో ఆ జాగా ఒక్కటే ఖాళీ. దాని మీద సున్నంతో నాలుగు పలకల గీత గీసి ఉంది. తండా మొత్తంలో ఖాళీ జాగా అదొక్కటే దొరికిందని లావణ్య చెప్పింది. ఎందుకు ఖాళీగా ఉందని ఎవరూ అడిగినట్టు లేదు. సున్నం గీత పక్కన రాయి మీద ఒక ముసలావిడ కర్ర పట్టుకుని కూర్చుని ఉంది, కాపలా ఉన్నట్టు. మోచేతులదాకా తెల్లగాజులు.

"ఎవలు?" అంది.

"మేట్ బిడ్డను సోమ్లక్కా."

కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "సారును నవ్విచ్చిన పిల్లవా?"

"ఆ పిల్లనే."

"ముసల్దానివైనవు గదనే," అని, లావణ్య వైపు కర్ర చూపించింది. "ఈ పిల్లకు చెప్పిన. దీనికంటె ముందొచ్చినోళ్ళకు చెప్పిన. కింద డొల్ల ఉన్నది, మిషిన్ తేకుండ్రి, మనిషి పోతడు అని. వింటలేరు."

లావణ్య ముఖం ఎర్రబడింది. "ప్లాన్‌ల లేదవ్వా. ప్లాన్‌ల ఉంటె మేమెందుకు కడ్తం? ఊకె మాటల మీద పని ఆపుతె పైన నన్నడుగుతరు."

"చూసినవా," అంది సోమ్లి నాతో. "నా మాటకంటె గా కాయితం పెద్దది. ఎవరు గీసిండ్రో గని."

నాకు ఆ క్షణంలో మూడు జోకులు తోచాయి. మూడూ మంచివే. "నేనే గీసిన," అన్నాను. "ఉన్నదాన్ని బ్లేడుతోటి గీకేసిన. నువ్వు నిన్న సూపిచ్చింది మరక గాదు లావణ్యా. నిన్ను నమ్మిచ్చిన. రెండో సొరంగం ఈ సున్నం గీత కిందికి వస్తది."

లావణ్య ముందుకొచ్చి సోమ్లి చేతిలోని కర్ర అడిగి తీసుకుంది. సున్నం గీత బయట నేలను కొట్టి వింది, రెండడుగులు లోపలికి పోయి కొట్టి వింది. ఇంకోసారి కొట్టింది. ఎవరు నేర్పారో నాకు తెలుసు. లోపలి సప్పుడు డొబ్బుమంది. ఆ పిల్ల ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ బయటికి వచ్చి ఫోన్ తీసింది. "అన్నా, జేసీబీ పంపకు. రేపొద్దు. ఎల్లుండి గూడ వద్దు." తరువాత నా వైపు తిరిగింది. "గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదు మేడం?"

"మా నాయిన బతికున్నన్ని రోజులు ఆయన కోసమని అనుకున్న. ఆయన పోయి పన్నెండేండ్లయింది. అటు తరువాత ఏమనుకున్ననో నాకే తెల్వది."

ఆమె తల ఊపింది. క్షమించినట్టు లేదు, క్షమించాల్సిన పని ఆమెది కూడా కాదు. "ఏడిదాంక పోతదో గుర్తులు పెట్టాలె," అంది. సున్నం అయిపోయింది, మేకులు లేవు. సోమ్లి రాయి మీంచి లేచింది. కాళ్ళ చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని, గుంత వెనక తుప్పల దగ్గరికి పోయి, పాత నోరు ఉన్న చోట వరసగా పెట్టింది. "ఈడ మొదలు."

పది అడుగులకు నా చెప్పులు విడిచాను. ఇంకో పది అడుగులకు లావణ్య తన బూట్లు విప్పింది. తరువాత సోమ్లి కేకకు ఇళ్ళలోంచి కోడళ్ళు వచ్చారు, వాళ్ళ చెప్పులు, పిల్లల చెప్పులు, గులాబీరంగువి, లైటు వెలిగేవి. ఎక్కడ వంక తిరగాలో సోమ్లి కాలికి తెలుసు, నా చేతికి తెలుసు. ఇద్దరం ఒక్కచోట కూడా తేడాపడలేదు. నేను గీకేసిన గీత అరగంటలో మళ్ళీ నేల మీద పడింది, వంకలతో సహా, ఎండలో, అందరికీ కనపడేట్టు. తండా అంతా వట్టికాళ్ళతో నిలబడి దాన్ని చూసింది. గీత సున్నం దాటి లోపలికి పోయింది. చివరి జత పెట్టాల్సిన చోటికి వచ్చేసరికి చెప్పులు అయిపోయాయి.

లావణ్య ప్లాను తెచ్చి నా చేతిలో పెట్టి, ఎర్రపెన్ను ఇచ్చింది. దాన్ని బండి బానెట్ మీద పరిచి, పువ్వు మీద అరచెయ్యి పెట్టి కదలకుండా పట్టుకుని, చెప్పుల వెంట గీస్తూ వచ్చాను. సోమ్లి ఇంట్లోకి పోయింది. బీక్యా పోయి నాలుగేళ్ళయిందని చెప్పులు పెడుతున్నప్పుడే ఆమె చెప్పింది. ఆమె తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక జత టైరు చెప్పులున్నాయి. కుడిది అరిగి పలుచబడింది. ఎడమదానికి మడమ దగ్గర టైరు గాట్లు కొత్తవాటిలా అట్లాగే ఉన్నాయి, అక్కడ ఎప్పుడూ బరువు పడలేదు. సోమ్లి వాటిని సున్నం గీత లోపల, ఆ రోజు నులకమంచం వేసిన చోట పెట్టి, నా వైపు తిరిగింది.

"గీడిదాంక గియ్యి," అంది.

గీశాను.